ఒక్క బొమ్మ తక్కువ

తెర మీద తోడేలు మేకపిల్లల ఇంటివైపు నడుస్తోంది.

"ఆపు!" అన్నాడు సెన్సారు అధికారి. "ఆ తోడేలు ఎందుకు కుంటుతోంది?"

"కుంటడమేంటి సార్? చిన్నపిల్లల కథండీ," అన్నాడు ఆ బొమ్మల సినిమా తీసిన చిత్రకారుడు. వాళ్ళక్క గబగబా ప్రొజెక్టర్ ఆపేసింది.

అధికారి ఎడమకాలు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. ఊరేగింపు మీద కాల్పులు జరిపించిన రోజు, జనం రాళ్ళకి చితికిన కాలది.

"నన్నే ఎక్కిరిస్తావురా?"

చిత్రకారుడి కుడిచెయ్యి బల్లకేసి అదిమిపట్టి, కాగితాల మీదున్న ఇనపగుండు తీసి వేళ్ళ మీద మోదాడు. పుల్లలు విరిగినట్టు చప్పుడైంది. మళ్ళీ మోదాడు. మేకపిల్లల బొమ్మల మీద రక్తం చిమ్మింది.

"రేపటికల్లా అది తిన్నగా నడవాలి. లేదంటే రెండో చెయ్యి కూడా పోతుంది."

మెట్ల మీద అతని కాలు ఈడ్చిన చప్పుడు దూరమైంది. తమ్ముడి చేతికి గుడ్డ చుట్టి, అక్క బల్ల కింద వెతికింది. తమ్ముడు వేసే ముఖ్యమైన బొమ్మల నడుమ, కదలిక కోసం వేసే బొమ్మలన్నీ ఆవిడవే.

"ఒరేయ్, నా తప్పేరా. ఎడమకాలు నేలకి ఆనే బొమ్మ ఒకటి ఇక్కడ జారిపడింది. ప్రతి అడుగుకీ మళ్ళీ మళ్ళీ వాడే బొమ్మది, అది లేకే కుంటుతోంది. ఇదిగో, ఇప్పుడే కలిపి మళ్ళీ ఫిల్ము తీసేస్తా."

తమ్ముడు ఆ కాగితాన్ని ఎడమచేత్తో లాక్కుని, పళ్ళతో పట్టి రెండు ముక్కలుగా చింపేశాడు.

"కుంటనీ అక్కా. ఇందాకటిదాకా అది ఉత్త తోడేలే."