చివరి గది

"సముద్రం కనిపించే గది ఒకటి ఖాళీగా ఉంది, వరస మధ్యలో. ఇవ్వనా?" అంది హోటల్ కౌంటర్లో అమ్మాయి.

"వద్దమ్మా. పక్కన ఎవరూ లేని చివరి గది ఇవ్వు," అంది భార్య.

భర్తకు నవ్వొచ్చింది. ఏ ఊరెళ్ళినా ఆమెది ఇదే పాట. తనతో ఏకాంతం కోసమేనని ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోయాడు. మందు మానేశాక ఇదే మొదటి ప్రయాణం. ఈసారైనా కిటికీలోంచి అలలు చూడాలని అతని సరదా.

"ఎందుకే ఎప్పుడూ ఆ మూల గది?"

పెట్టె మీద కూర్చున్న కూతురు తలెత్తకుండానే గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వు తాగొచ్చి కొడితే అమ్మ ఏడుపు పక్కవాళ్ళకి వినపడకూడదని, నాన్నా."

"ఊరుకోవే! ఇప్పుడు మానేశారుగా," అంది తల్లి. అని కూడా, చివరి గది తాళం కోసమే చెయ్యి చాచింది.

అతను కౌంటర్ వైపు తిరిగాడు.

"మధ్య గదే ఇవ్వండి," అన్నాడు. "తాళం ఆవిడ చేతికివ్వండి."

"గోడలు పల్చన సార్. చిన్న మాటన్నా పక్కగదికి వినపడుతుంది."

"అందుకే," అన్నాడు.