గుంజకు కట్టిన పిల్ల

చేపలగంప ఎత్తుకోబోతున్న వీరవేణికి మూడేళ్ల కూతురు గున్నమ్మ తాడు తెచ్చిచ్చింది. రోజూ తల్లి తనను గుంజకు కట్టేసేది ఆ తాడుతోనే.

"కట్టెయ్యమ్మా," అంటూ నడుం చూపించింది.

వీరవేణి తాడు కింద పడేసింది. తనతో చేపలమ్మడానికి బయల్దేరిన పక్కింటి తలుపులమ్మకేసి చూసింది.

"ఏం చెయ్యనత్తా? ఆనకట్ట కట్టాక కాలవ గుమ్మంలోకే వచ్చింది. వదిలేస్తే నీళ్లపాలు, అమ్మకం మానేస్తే పస్తు."

"నా మనవలూ గుంజకే ఉన్నారే."

వీరవేణి గంప ఆమెకిచ్చేసింది. "నావీ నువ్వే అమ్ము. పేట పిల్లలందర్నీ ఇక్కడ దించమను. ఇయ్యాల నేనుంటా, రేపు ఇంకొకరు."

సాయంత్రం తల్లులొచ్చి పిల్లల్ని పిలిస్తే, వాళ్లని పంపనని గున్నమ్మ గుక్కపట్టి ఏడ్చింది.

తలుపులమ్మ ఎత్తుకోబోయింది.

"ఏడవనీ అత్తా," అంది వీరవేణి. "దీనికీ తోడు కావాలని నాకివాళే తెలిసింది."