మూడో కడ్డీ

పరీక్ష యంత్రంలో మూడో ఇనుప కడ్డీ కూడా ప్రొఫెసర్ లెక్కకట్టిన బరువులో సగానికే ఫట్‌మని విరిగింది.

"నా సిద్ధాంతానికి తిరుగులేదు. ఇనుమే పనికిమాలింది," అన్నాడాయన, ముక్కలను చెత్తబుట్టలోకి విసురుతూ.

"మూడూ మూడు కంపెనీలవి నాన్నా," అంది యంత్రం దగ్గరున్న కూతురు.

"అయితే మూడు కంపెనీలూ దొంగలే!"

"మన బాల్కనీ కడ్డీలకి కూడా నీ సిద్ధాంతంతోనే లెక్క వేశావుగా?"

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమోయ్, బాల్కనీలో ఉన్నావా? ముందు లోపలికి రా. అబ్బే, ఏం లేదు... బయట చలి."

"చలేంటండీ? ఎండ మాడ్చేస్తుంటే!" భార్య గొంతు గదంతా వినిపించింది.

ఆయన ఫోన్ పెట్టేసి, కూతురి వైపు తిరక్కుండానే గొంతు సవరించుకున్నాడు.

"రిపోర్టులో రాయి. లోపం ఇనుముదే."