ఎర్ర డబ్బా బోర్డు

"ఎర్ర డబ్బా కంపెనీదేగా? ఇంకేం, బోర్డు పోయే ఉంటుంది," అన్నాడు కొట్టాయన, బల్ల మీద పెట్టిన కంప్యూటర్‌ని ముట్టుకోకుండానే.

"విప్పి చూసి చెప్పండి," అందామె.

"చూసేదేముంది? మదర్‌బోర్డంటే నీలం డబ్బాదే నమ్మకమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. విన్నారా? పై మెరుగులు చూసి దీన్నే తెచ్చుకున్నారు. మూణ్ణెల్లకే ఏడుస్తూ వస్తారని అప్పుడే అన్నాను."

"నాలుగేళ్లయింది. పైగా నేనేం ఏడవట్లేదు. ఎదురు కొట్టు తెరిచుంటే మీ గడప తొక్కేదాన్నే కాదు."

ఆయన మొహం కందగడ్డయింది. విసురుగా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

ఇళ్ల ప్లాన్లు గీసివ్వడం ఆమె పని. రేపు పొద్దున బిల్డరుకి ఇవ్వాల్సిన ప్లాన్ ఆన్ కాని ఆ పెట్టెలోనే చిక్కుకుపోయింది. ఇవ్వకపోతే అతను మళ్లీ పనివ్వడు. ఆ మాట వచ్చీ రాగానే చెప్పింది కూడా. అయినా ఈ మహానుభావుడు ఒక్కో స్క్రూనీ తీరిగ్గా తిప్పుతున్నాడు.

మూత తియ్యగానే మండిపడ్డాడు. "పిల్లి వెంట్రుకలు! ఇంట్లో పిల్లిని కూడా పెట్టుకున్నారా?"

"నా ఇల్లు. పిల్లిని పెంచుకుంటాను, పులిని పెంచుకుంటాను. మీకేం?"

లోపల తీగలన్నీ ఒద్దికగా చేర్చి తెల్లదారంతో కట్టి ఉన్నాయి. ఆయన చెయ్యి ఆ ముడి దగ్గర ఆగింది.

"ఎవరు కట్టారు?"

"నేనే."

"ప్లాస్టిక్‌ది వెయ్యొచ్చుగా?"

"అది బిగిస్తే తీగ తెగుతుంది. మీకు తెలీదా?"

ఆయన వెనక అరల్లో బాగుచేసి పెట్టిన పెట్టెల్లోనూ తెల్లదారాలే.

బోర్డులో తప్పు పట్టాలని కంకణం కట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పి పరీక్షించాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. చివరికి గొణుక్కుంటూ లోపలి పవర్ సప్లయ్ తీసేసి, తన దగ్గరున్నది పెట్టాడు. ఫ్యాన్ తిరిగింది. తెర వెలిగింది. ప్లాన్ భద్రంగా ఉంది.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మళ్లీ మొదలుపెట్టింది. "పోయింది ఏమిటి?"

"పవర్ సప్లయ్."

"ఏ కంపెనీది?"

ఆయన పాతదాన్ని పక్కకి నెట్టాడు. "నీలం డబ్బాది."

"మరి బోర్డు?"

"పనిచేస్తోందిగా, తీసుకెళ్లండి."

"ఎలా ఉందో మీ నోటితో చెప్పండి. చెప్పేదాకా కదలను."

"బానే ఉంది!" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గింది. "నాలుగేళ్లయినా చెక్కుచెదరలేదు. నేనే పొరపాటు పడ్డాను. చాలా?"

ఆమె పెట్టెని రెండు చేతుల్తో ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లింది. వెనకనుంచి ఆయన గొంతు సవరించుకోవడం వినబడి ఆగింది.

"ఈసారి అల్లుణ్ణి కూడా తీసుకురామ్మా."