పడాక్ పూల పడవ

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది కాస్త వినండి. పద్మినికి ఇవాళ మామూలు కోపం కాదు, తల గోడకేసి బాదుకునేంత కోపం!

ఎవరి మీదంటే, వాళ్ల నానమ్మ అసిరమ్మ మీద. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవులో ఏళ్ల తరబడి చేపల గంప మోసిన మనిషి. ఒడ్డూ పొడుగూ చూస్తే ఇద్దరి పెట్టు. రెండు నెలల కిందట జెట్టీ మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఎముక అతుక్కుంది. డాక్టరు నడవమన్నాడు. మొదట్లో గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది కూడా. తర్వాత ఏమైందో ఏమో, మంచం దిగనంటే దిగనని కూర్చుంది. కాదు, పడుకుంది.

అమ్మ శ్రీలక్ష్మి సెలవులన్నీ ఆ మంచం దగ్గరే కరిగిపోయాయి.

పద్మినికి ఇంకో తలనొప్పి కూడా ఉంది. పువ్వులు. పువ్వుల్నీ ఆకుల్నీ కాగితాల మధ్య అణిచి, ఆరబెట్టి, అట్ట మీద అతికించి బొమ్మలు చేస్తుంది. చెప్పినంత తేలికేం కాదు. పోర్ట్ బ్లెయిర్ వానల్లో బట్టలే ఆరవు, పువ్వు ఆరుతుందా? బియ్యం బస్తా కింద పెడితే బూజు. ట్రంకు పెట్టె కింద పెడితే నల్లటి ముద్ద. యూట్యూబ్‌లో చూసి ఇస్త్రీ పెట్టె పెడితే శంఖుపువ్వు కాస్తా కాగితానికి అంటుకుపోయి ఇంకు మరకలా మిగిలింది. ఎన్ని చేసినా చెత్తబుట్టకే.

విసిగి వేసారి, ఆఖరికి ఓ మంచి చోటు కనిపెట్టింది. అప్పట్నుంచి రేకు ముడత పడితే ఒట్టు. "ఎక్కడ పెడుతున్నావే?" అని స్నేహితురాలు కళ ప్రాణం తీస్తుంటే, "సీక్రెట్ హై యార్!" అని కన్ను కొడుతుంది.

వచ్చే వారం హస్తకళల పోటీ. ఈసారి పడాక్ చెట్టు పూలతో పడవ బొమ్మ. ఆ పసుపు పూలు ఏడాదికోసారి పూస్తాయి, పూసిన మర్నాటికే నేల మీదుంటాయి. వానలో తడుస్తూ ఏరుకొచ్చి మొన్ననే ఆరబెట్టింది. ఇవి పాడైతే ఇక వచ్చే ఏడే.

ఇంతలో ఇవాళ ఫిజియోథెరపీ చేయించే సూరజ్ భయ్యా వచ్చాడు.

"చలో దాదీ, ఉఠో! బస్, ఏక్ కదమ్, ఒక్కడుగు!"

"నాను లెగను బాబూ. నువ్వు చాయ్ తాగెళ్లు," అంది అసిరమ్మ, పరుపు మీద అంగుళం కూడా కదలకుండా.

సూరజ్ పద్మినిని వరండాలోకి పిలిచాడు. "దేఖో పద్మినీ, రేపట్నుంచి నా డ్యూటీ బాంబూఫ్లాట్ ఆసుపత్రిలో. ఇవాళైనా లేవకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుంది. ఫిర్ ఎవరొచ్చినా ఏమీ చేయలేరు."

పద్మిని విసవిసా లోపలికొచ్చింది.

"ఏం నానమ్మా, భయమా? సొరచేపని తోక పట్టుకుని జెట్టీ మీదికి ఈడ్చుకొచ్చానని ఊరంతా చెబుతావుగా! ఇప్పుడు ఒక్క అడుగుకే వణుకా?"

"బయమేటే? ఈ అసిరమ్మకా?"

"మరేంటి? అమ్మ చాకిరీ చేయలేక చస్తోంది. నీకేం, పడుకుని తింటున్నావు, హాయిగా ఉంది!"

అసిరమ్మ మొహం చిన్నబోయింది.

"పడుకుని తింతన్నానేటి? పని సేత్తన్నాను కదే."

"ఏం పని?"

అసిరమ్మ వరండా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"నువ్వే కదే, ఈ పరుపు కింద నీ పూల కాయితాలెట్టి, 'నీ బరువే బరువు నానమ్మా, కదలకు, కదిల్తే రేకులు సెదిరిపోతాయి' అన్నావు? కాలిరిగినకాడ్నుంచి నాకు దొరికిన పని ఇదొక్కటే. మొన్నెట్టిన పూలు ఆరిపోనాయేటి? ఆరితే సెప్పు, ఇప్పుడే లెగిసిపోతాను."

వరండాలో సూరజ్ భయ్యా రెయిన్‌కోటు వేసుకుంటున్నాడు, పరుపు కింద పడాక్ పూలేమో ఇంకా పచ్చిగానే ఉన్నాయి... మీరైతే ఏం చెబుతారు?