టర్బో కూత

"కాశీరాం, జర మెల్లగ పోనియ్యి! నాకు భయమైతుంది," అని అరిచాడు గంగాదాస్.

కారు అతనిదే. ఎనిమిది వందల సీసీల చిన్న ఇంజన్ పెద్ద కార్లంత హార్స్‌పవర్ ఇవ్వాలని ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పాత టర్బోను దుబాయ్ నుంచి మోసుకొచ్చిందీ అతనే. మెకానిక్ కాశీరాం దాన్ని బిగించి, ఇవాళే మొదటిసారి వేల్పూర్ రోడ్డెక్కించాడు.

బానెట్ కింద టర్బో కూత చెవులకు చిల్లులు పొడుస్తోంది. ఎదురొచ్చే పసుపు బస్తాల బండ్లు మీద పడుతున్నట్టే ఉన్నాయి. బయల్దేరేటప్పుడు కాశీరాం పట్టుకొమ్మని ఇచ్చిన రబ్బరు పైపును గంగాదాస్ గుండెకు హత్తుకున్నాడు. కళ్ల ముందు పిల్లలు మెదిలారు.

"ఆపు! గీ టర్బో నాకొద్దు, పీకెయ్యి. సచ్చిపోతం!"

కాశీరాం కారు ఆపి వింతగా చూశాడు.

"గిదేందన్నా? యాభై కూడ దాటలె. పొగ ఎక్కడన్న లీకైతుందేమో అని చూస్తున్న, గంతే. టర్బో గాలి ఇంక ఇంజన్లకు పోతనే లేదు. గది ఉత్తగనే మొత్తుకుంటుంది."

అని చెయ్యి చాపాడు.

"గా పైపు ఇటియ్యి. కలిపినంక సూడు బలం."

గంగాదాస్ పైపును ఇంకా గట్టిగా హత్తుకున్నాడు.