అనుమతి అక్కర్లేదు

"శుభవార్తమ్మా! మీ చెక్క సామాన్ల పాలిష్ షెడ్డు మరీ చిన్నది. బయటికొచ్చే ఆవిర్లు లెక్కలోకే రావు. అనుమతి అక్కర్లేదు," అన్నాడు కాలుష్య కార్యాలయం గుమస్తా, పాలిష్ మేస్త్రి భార్య ఇచ్చిన దరఖాస్తు చదివి.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. "కావాలని రాయలేరా బాబూ?"

గుమస్తాకి నవ్వొచ్చింది. "అందరూ వద్దని కాళ్లావేళ్లా పడతారు. కావాలన్నది మీరొక్కరే!"

"అనుమతి కావాలంటే గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టమంటారటగా. మా ఆయన నా మాట చెవిన పెట్టరు. తడి పాలిష్ మీద దుమ్ము పడుతుందని తలుపులు బిగించుకుని పొద్దస్తమానం అందులోనే ఉంటారు. దగ్గి దగ్గి ఒళ్లు గుల్లైపోయింది. మీరు చెబితే వింటారు."

గుమస్తా నవ్వు ఆగిపోయింది. "మేం చూసేది బయటికొచ్చే గాలినేనమ్మా. గది లోపలిది మా చేతుల్లో లేదు," అంటూ మినహాయింపు కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు.

ఆమె ఇంటికి తెచ్చిన ఆ కాగితం చూసి పాలిష్ మేస్త్రి మురిసిపోయాడు. "చూశావా? గవర్నమెంటే ఏం లేదంది. నీదంతా ఉత్త బెంగ," అంటూ దాన్ని షెడ్డు గోడకి అంటించి, ఎప్పటిలాగే గడియ పెట్టుకున్నాడు.

ఏడాది తిరగకుండానే ఆమె మళ్లీ ఆ కార్యాలయానికి వచ్చింది.

"ఊపిరితిత్తులు పాడై ఆయన పోయారు బాబూ. షెడ్డు మూసేశాం. మీ పుస్తకంలో మా పేరు కొట్టేయండి."

గుమస్తా ఆమెని గుర్తుపట్టాడు. తలెత్తి చూడలేకపోయాడు.

"మినహాయింపు ఇచ్చినవాళ్ల పేర్లు మేం రాసుకోమమ్మా," అన్నాడు. "కొట్టేయడానికి ఏమీ లేదు."